బాప్తిస్మపు తొట్టిలో బాస్ చేప

ఓడెల్ ప్రూయిట్ గడ్డి కోసే మిషన్లు బాగుచేసేవాడు. గడ్డి పెరిగే కాలమంతా టర్నీ ఊళ్లో అతని షెడ్డు ముందు మిషన్లు బారులు తీరి ఉండేవి. జనవరి వచ్చిందంటే అటు తొంగిచూసే నాథుడు ఉండేవాడు కాదు. అప్పుడతను షెడ్డుకు తాళం వేసి, పడవను ట్రక్కుకు తగిలించుకుని, బ్లాక్‌జాక్ సరస్సు మీదికి వెళ్లిపోయేవాడు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఎక్కడికని అడిగేవాళ్లు లేరు.

తూర్పు టెక్సాస్‌లో గాలం పట్టని మనిషి అరుదు. కాని వాళ్లంతా పట్టేది ఎండ కాసే రోజుల్లో. వేళ్లు కొయ్యబారే చలిగాలిలో, నీళ్లలో మునిగి చచ్చిన చెట్ల మోళ్ల మధ్య పడవ ఆపుకుని కూర్చునేది ఓడెల్ ఒక్కడే. చలికి పెద్దనోటి బాస్ చేప మందగించి లోతుకు దిగిపోతుంది. దేని వెంటా పడదు. మూతి ముందుకు వచ్చినదాన్ని, అదీ బుద్ధి పుడితే, నోరు తెరిచి లోపలికి పీల్చుకుంటుంది. అందుకని ఎరను అడుగున ఎంత నెమ్మదిగా జరపాలంటే, జరుగుతున్న సంగతి ఎరకు కూడా అనుమానం రాకూడదు. ఆ పని ఓడెల్‌కు పుట్టుకతోనే వచ్చినట్టుండేది. అతను మాట్లాడేదీ, నడిచేదీ, కాఫీ కలుపుకునేదీ అదే వేగంతో.

అతనికి కావలసింది పదమూడు పౌన్లు దాటిన ఆడ చేప. చలికాలంలో అవి కడుపులో గుడ్లతో బరువెక్కి ఉంటాయి. అంత బరువున్నదాన్ని ప్రాణాలతో అప్పగిస్తే రాష్ట్ర చేపల శాఖవాళ్లు ట్యాంకున్న ట్రక్కులో వచ్చి, గుడ్లు పెట్టించడానికి తీసుకుపోతారు. పట్టినవాడి పేరు వాళ్ల రికార్డుకెక్కుతుంది. యౌవనం నుంచి తల నెరిసేదాకా ఓడెల్ ఆ ఒక్క చేప కోసం కూర్చున్నాడు.

అతని చెల్లెలు వైనోనా మొగుడు గార్లండ్‌కు ఇదంతా పెద్ద వినోదం. గార్లండ్‌ది కోళ్ల ఫారం, గొంతు కూడా ఫారమంతా వినబడే గొంతు. రోజూ సాయంత్రం రోడ్డు మీద ట్రక్కు ఆపి మరీ అడిగేవాడు.

"ఏం బావా, ఇవాళ కూడా ఆవిడ ఇంట్లో లేదా?"

"ఉండే ఉంటుంది. తలుపు తియ్యలేదు," అనేవాడు ఓడెల్.

ఆ గార్లండ్‌కు ఒక ఏడాది శరత్కాలంలో ఆపద వచ్చిపడింది. జింకల వేటకని చెట్టుకు కట్టుకున్న మంచె పుచ్చిపోయి విరిగింది. బూటు ఒకటి కొమ్మల్లో ఇరుక్కుని, తలకిందులుగా వేలాడుతూ, "దేవుడా, నన్ను దించితే బాప్తిస్మం తీసుకుంటా!" అని అరిచాడు. దేవుడికి వినబడిందో లేదో కాని, అతని కేకలు విని నిచ్చెన పట్టుకుని వస్తున్న వైనోనాకు వినబడింది. ఆమె నిచ్చెన వెయ్యకుండా కింద నిలబడి, "ఇంకోసారి అను. స్పష్టంగా," అంది. పెళ్లయినప్పటి నుంచి ఆమె మొగుణ్ణి అడుగుతున్నది అదొక్కటే. గార్లండ్ అన్నాడు. అన్నాక దిగాడు. ఆ తర్వాత ఏదో ఒక సాకుతో జనవరి చివరి ఆదివారం దాకా జరిపాడు గాని, అంతకుమించి జరపడం అతనివల్ల కాలేదు.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారం, మంచు వాన వస్తుందని రేడియోలో చెబుతుండగా ఓడెల్ సరస్సు మీదికి వెళ్లాడు. మధ్యాహ్నం దాటాక గాలపు తీగ బరువెక్కింది. లాగలేదు, అదరలేదు. తడిసిన బొంత తగులుకున్నట్టు ఊరికే బరువెక్కింది. మోడుకు పట్టుకుంది కాబోలనుకున్నాడు. అంతలో ఆ మోడు పక్కకు జరిగింది.

అతను కేక వెయ్యలేదు. తన మామూలు వేగంతోనే తీగ చుట్టాడు. నీటి మీదికి వచ్చిన దాన్ని చూసి పడవ అడుగున కూర్చుండిపోయాడు. దాని నోట్లో అతని పిడికిలి కాదు, తల మీది టోపీ పట్టేటట్టుంది. కింది పెదవి పట్టుకుని పడవలోకి ఎత్తుతూ, "క్షమించండి మేడమ్," అన్నాడు.

ఒడ్డునున్న ఎరల కొట్టు తూకంలో పదమూడు పౌన్ల ఆరు ఔన్సులు తూగింది. కొట్టు యజమాని మళ్లీ తూచాడు. మళ్లీ అంతే. ఓడెల్ శాఖవాళ్లకు ఫోన్ చేశాడు.

"సార్, మీ ఊరి దారంతా గాజులా గడ్డకట్టింది," అంది అవతలి అమ్మాయి. "రోడ్లు తెరవగానే బయల్దేరతాం. అందాకా ఎలాగైనా బతికించండి. చల్లటి నీళ్లలోనే ఉంచండి."

ఆమె ఫోన్ పెట్టేసిన కాసేపటికి ఊళ్లో కరెంటు పోయింది. కొట్టులోని ట్యాంకుకు గాలి అందించే పంపు ఆగిపోయింది. టర్నీలో జనరేటరూ, పెద్ద తొట్టీ రెండూ ఉన్న చోటు ఒక్కటే. ఓడెల్ పాస్టరు గారింటి తలుపు తట్టాడు.

"బ్రదర్ మెరిల్, చర్చిలో బాప్తిస్మపు తొట్టి నింపారా?"

"నింపకేం? ఆదివారం మీ బావకు కదా. బోరు నీళ్లు, మంచి నీళ్లు. ఎందుకు, నువ్వూ మళ్లీ మునుగుతావా?"

"నేను కాదు బ్రదర్. చేప."

బ్రదర్ మెరిల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఓడెల్, చేపలకు బాప్తిస్మం ఇచ్చే పద్ధతి మన సంఘంలో లేదయ్యా."

"బాప్తిస్మం వద్దు బ్రదర్. బస చాలు."

అలా ఆ చేప, కొట్టులోని గాలి పంపుతో సహా, చర్చిలోకి వెళ్లింది. తొట్టి వేదిక వెనక ఎత్తుమీద ఉంటుంది. ముందు వైపు అద్దం, వెనక గోడ మీద ఎప్పుడో ఎవరో వేసిన యొర్దాను నది బొమ్మ. చేప ఆ బొమ్మలోని నది మలుపు దగ్గర, ఒక మూలన, కదలకుండా నిలబడింది. ఓడెల్ సండే స్కూల్ గదిలోంచి చిన్నపిల్లల కుర్చీ తెచ్చుకుని, మోకాళ్లు గడ్డానికి తగిలేటట్టు దాని ఎదుట కూర్చున్నాడు.

శనివారానికి సంగతి ఊరంతా పాకింది. పాస్టరు ఎంత బతిమాలినా చర్చి గడప తొక్కనివాళ్లు కూడా, మంచు మీద జారిపడుతూ లేస్తూ వచ్చి అద్దం ముందు టోపీలు తీశారు. బ్రదర్ మెరిల్‌కు మొదట ముచ్చట వేసింది, తర్వాత కాస్త దిగులు వేసింది. సహనం మీద రాసుకున్న ప్రసంగం పక్కన పడేసి, యోనాను పెద్ద చేప మింగిన కథ తీసుకున్నాడు.

ఆదివారం ఉదయం ఓడెల్ నీళ్లలో చెయ్యి పెట్టి అదిరిపడ్డాడు. గోరువెచ్చగా తగిలాయి. వైనోనా అప్పటికే తొట్టి హీటరు వేసేసింది. అతను పరుగెత్తాడు. టర్నీలో ఓడెల్ పరుగెత్తడం అదే మొదలు. స్విచ్చి ఆపి తిరిగేసరికి చెల్లెలు నడుముమీద చేతులు వేసుకుని నిలబడి ఉంది.

"వెయ్యి అన్నయ్యా. ఆయన చన్నీళ్లలో దిగనన్నాడు."

"వెచ్చబడితే అది చస్తుందే."

"ఇవాళ తప్పితే ఈయన మళ్లీ దొరకడు! చేప కోసం నా మొగుణ్ణి నరకానికి పంపుతావా?"

"వచ్చే వారం ముంచొచ్చు కదా."

"వచ్చే వారానికి ఈయన ఏ కాలో విరగ్గొట్టుకుంటాడు. నీకు తెలీదు ఈయన సంగతి."

ఇద్దరి మధ్యా తెల్లంగీ తొడుక్కుని నిలబడ్డ గార్లండ్ ఎవరివైపూ చూడటం లేదు. అద్దంలోంచి చేపను చూస్తున్నాడు. అతనింతసేపు మాట్లాడకుండా ఉండటం అక్కడెవరూ ఎరగరు.

"ఆవిడ తలుపు తీసింది కదా బావా," అన్నాడు చివరికి. "హీటరు వద్దు. నేను చన్నీళ్లలోనే దిగుతా."

చర్చి కిటకిటలాడిపోయింది. ప్రసంగంలో యోనా చేప కడుపులో మూడు దినాలు ఉన్నాడని బ్రదర్ మెరిల్ అంటుంటే జనం తలలు అటూ ఇటూ వంచి అతని భుజాల వెనకున్న తొట్టిని చూస్తున్నారు. చేప యోనాను ఒడ్డున కక్కేసిన చోట ప్రసంగం ముగించి, పాస్టరు అంగీ కింద రబ్బరు ప్యాంటు తొడుక్కుని నీళ్లలోకి దిగాడు. అతని వెనక గార్లండ్. మొదటి మెట్టు మీద గార్లండ్ నోట వచ్చిన మాట చర్చిలో అనకూడనిది. దేవుడి పేరు కూడా అందులో ఉంది కాబట్టి కొందరు ప్రార్థన అనుకున్నారు.

బ్రదర్ మెరిల్ తండ్రి పేరు, కుమారుడి పేరు, పరిశుద్ధాత్మ పేరు చెప్పి గార్లండ్‌ను వెనక్కి వంచి ముంచాడు. మామూలుగా ముంచగానే లేపుతారు. గార్లండ్ లేవలేదు. పాస్టరు లాగాడు. రాలేదు. రబ్బరు ప్యాంటులోకి నీళ్లు ఎక్కుతుంటే రెండు చేతులా పట్టుకుని లాగాడు. అద్దంలో అందరికీ కనిపిస్తూనే ఉంది: నీళ్లలో గార్లండ్ కళ్లు రెండూ బార్లా తెరుచుకుని ఉన్నాడు. అతని ముఖానికి జానెడు దూరంలో చేప. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటున్నారు.

తర్వాత బుసకొడుతూ పైకి లేచి, "ఒరే ఓడెల్! ఇది చేప కాదురా, మీ నాయనమ్మ!" అని అరిచాడు.

ఆ అరుపుకో, ఆ కుదుపుకో, చేప ఒక్కసారి ఒళ్లు విదిల్చి, నోరు తెరిచి, తను ఎప్పుడో మింగిన, అరచేతికంటే పొడవున్న షాడ్ అనే చిన్నరకం చేపనొకదాన్ని కక్కేసింది. సగం అరిగిన ఆ చేప తెల్లగా తేలుతూ యొర్దాను నది ముందు నుంచి అద్దం దగ్గరికి వచ్చి ఆగింది.

ముందు వరసలోని ముసలావిడ ఒకామె లేచి నిలబడి, "కక్కింది! యోనాను కక్కింది! హల్లెలూయా!" అంది. సగం మంది మోకాళ్ల మీద పడ్డారు. మిగతా సగం ఫోన్లు తీశారు. పియానో దగ్గరున్నామె ఏం చెయ్యాలో తోచక పాట ఎత్తుకుంది. బ్రదర్ మెరిల్, నడుందాకా నీళ్లు నిండిన ప్యాంటుతో మెట్లెక్కలేక, తొట్టిలోనే నిలబడి ఆశీర్వాదం పలికాడు.

ఓడెల్ ఒక్కడే కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. అతను ఆ షాడ్ చేప ఎంత తూగుతుందా అని చూస్తున్నాడు.

మధ్యాహ్నానికి రోడ్లు తెరుచుకున్నాయి. ఫోన్లో మాట్లాడిన అమ్మాయే ట్రక్కు తెచ్చింది. పేరు మారిసోల్. సర్కారు ముద్ర వేసిన త్రాసు దింపి, చేపను తడి సంచిలో పెట్టి తూచి, సంచి బరువు తీసేసింది. పన్నెండు పౌన్ల పద్నాలుగు ఔన్సులు. మళ్లీ తూచింది. అంతే. ఆమె తల ఎత్తడానికి కాస్త టైము పట్టింది.

"పదమూడు లేదు సార్."

అప్పుడు వచ్చాడు గార్లండ్. రెండు కంబళ్లు కప్పుకుని, పళ్లు టకటకలాడుతూ, చేతిలో వెన్న డబ్బాతో. అందులో షాడ్ చేప ఉంది.

"ఇది కూడా వెయ్యమ్మా. ఇదీ దాందే."

"బతికున్న చేప బరువే చూడాలండీ. కక్కింది లెక్కలోకి రాదు."

"ఎందుకు రాదు? నువ్వు పొద్దున తిన్నది నీ బరువు కాదా? మా బావ పట్టిన రోజు అది దాని కడుపులోనే ఉంది. అరిచింది నేను. తప్పు నాది. నాకు జరిమానా వేసుకో, ఆయన చేప బరువు తగ్గించకు!"

"గార్లండ్," అన్నాడు ఓడెల్, "డబ్బా మూత పెట్టు. ఆ అమ్మాయి ముఖాన కొడుతోంది వాసన."

ట్రక్కు ఖాళీగా వెళ్లిపోయింది. చేపను మళ్లీ సరస్సుకు తీసుకుపోయారు. సంఘమంతా వెంట వచ్చి గడ్డకట్టిన ఒడ్డున నిలబడింది. ఓడెల్ బూట్లతోనే మోకాళ్ల లోతుకు దిగి, కింది పెదవి పట్టుకుని, దాన్ని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపాడు. మొప్పలు తెరుచుకున్నాయి. వేళ్లు వదిలాడు. అది వెంటనే పోలేదు. అతని కాళ్ల దగ్గరే కాసేపు నిలబడి, తర్వాత తోక ఒకసారి ఆడించి లోతు వైపు దిగిపోయింది. గార్లండ్ తుమ్మాడు.

ఆ రోజు రాత్రి భోజనం వైనోనా ఇంట్లో. గొడ్డుమాంసంతో కారంగా వండే చిల్లీ కూర, మొక్కజొన్న రొట్టె. గార్లండ్ పొయ్యి పక్కన ఆవిరి పట్టుకుంటున్నాడు. ముంచినప్పుడు ఒళ్లంతా మునగాల్సింది, అతని కాలి బొటనవేలు నీళ్ల పైనే ఉండిపోయిందని ఒక సంఘపెద్ద చెప్పడంతో, బాప్తిస్మం చెల్లుతుందా లేదా అని బ్రదర్ మెరిల్ వాళ్లు ఇంకా చర్చిలో తర్కించుకుంటున్నారు. వైనోనా అన్న ముందు గిన్నె పెట్టి ఎదురుగా కూర్చుంది.

"బాధగా ఉందా అన్నయ్యా?"

ఓడెల్ ఆలోచించాడు. అతని ఆలోచన పూర్తయ్యేదాకా ఆగడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

"పట్టినవాళ్లు దాన్ని ఎంతసేపు చూస్తారే? ఫోటో తీసుకుంటారు, వదిలేస్తారు," అన్నాడు. "నేను శుక్రవారం నుంచి దాని ఎదుట కూర్చున్నా. కళ్లు ఎలా తిప్పుతుందో చూశా. ఊపిరి తీసుకునేటప్పుడు కింది దవడ చూశా. దాని ఎడమ బుగ్గమీద చిన్న మచ్చ ఉంది, తెలుసా?"

"నాకేం తెలుసు?"

"నాకు తెలుసు," అన్నాడు ఓడెల్, రొట్టె తుంచుకుంటూ. "ఇంకొంచెం చిల్లీ వెయ్యి."