ఎడారి గులాబీకి నీళ్ళు

పాప పుట్టినప్పుడు వదిన, భార్యకి అక్క, ఒక ఎడారి గులాబీ మొక్క తెచ్చి కిటికీలో పెట్టింది. దాని మొదలు గున్న ఏనుగు కాలులా ఉబ్బి ఉంటుంది. నీళ్ళన్నీ అందులోనే దాచుకుంటుంది.

"పాపకి జోడీ. ఇద్దరూ కలిసి పెరుగుతారు," అంది. సరదాకే అంది గానీ, ఆ మాట పాప తండ్రి మనసులో ముల్లులా దిగబడిపోయింది.

చలి మొదలవగానే ఆకులు పసుపెక్కి రాలసాగాయి. ఆ వారంలోనే పాప పాలు తాగడం తగ్గించింది.

అతను నీటి సరఫరా కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్. నీళ్ళు తేటగా ఉన్నాయని కంటితో చూసి చెప్పడం అక్కడ నేరంతో సమానం. ప్రతి సీసానూ పరీక్షించాల్సిందే. అందుకే భార్య బెంబేలెత్తితే తనే ధైర్యం చెప్పాడు.

"చలికి నిద్రపోయిందే అది. ఎండలొస్తే మళ్ళీ చిగురేస్తుంది. అప్పటిదాకా నీళ్ళు పోయకూడదు."

"మరి పాపో?"

"పాపేమన్నా మొక్కా?" అని నవ్వాడు.

కానీ ఆమె బట్టలారేయడానికి మేడ మీదికి వెళ్ళినప్పుడల్లా, పాలసీసా కడిగిన నీళ్ళు తెచ్చి కుండీలో పోసేవాడు. ఆకులు రాలడం ఆగితే చాలు.

ఆదివారం వదిన వచ్చింది. పాపను ఎత్తుకోగానే ఆమె మొహంలో నవ్వు సగంలో ఆగింది.

"ఏం సారూ, ఊరందరి నీళ్ళకీ సర్టిఫికెట్లిస్తావు, ఇంట్లో పిల్ల ఇలా తేలికైపోతే చూసుకోవా?"

అతనొక్కడే నవ్వాడు.

"ఈ మట్టి తడిగా ఉందేమే?" అంది వదిన, కుండీలో వేలు పెట్టి చూసి.

"మేం పోయట్లేదక్కా," అంది భార్య.

అక్కాచెల్లెళ్ళు లోపలికి వెళ్ళాక మొక్క మొదలు నొక్కి చూశాడు. మిగలపండిన పండులోకి దిగినట్టు వేలు లోపలికి దిగిపోయింది. కుళ్ళు వాసన గుప్పుమంది.

"బట్టలు సర్దవే, ఆసుపత్రికి పోదాం. ఇంకా ఆలస్యం చెయ్యొద్దు," లోపల్నుంచి వదిన గొంతు.

గబగబా ఒక పుల్ల గుచ్చి, పాప టోపీ రిబ్బనుతో మొక్కను దానికి కట్టేశాడు. భార్య పాపను శాలువాలో చుట్టి తీసుకొచ్చింది. కిటికీ వైపు చూసింది.

"ఇంకా నిలబడే ఉందిగా," అంది. పొద్దుట్నుంచీ మొదటిసారి ఆమె మొహం కాస్త తేటపడింది.

"ఆఁ," అన్నాడు, వేలు జేబులో తుడుచుకుంటూ.

పాప తల తల్లి భుజం మీద వాలిపోయి ఉంది. పిలిస్తే కళ్ళు తెరవలేదు.

తలుపు వేస్తుంటే కిటికీ దగ్గర ఏదో మెత్తగా కూలిన చప్పుడైంది. భార్య వెనక్కి తిరగబోయింది.

"పద, పద," అని అతను తాళం వేసేశాడు.