పగటి నిద్రకు ఒక ఇల్లు

ఇల్లు వెతకడానికి వెళ్లిన ప్రతిచోటా నేను ముందు చూసింది వంటగదీ కాదు, నీళ్ల ట్యాంకూ కాదు. మిట్టమధ్యాహ్నం ఆ ఇంట్లో ఎంత చప్పుడు వినిపిస్తుందో చూశాను. గదిలో నేల మీద వెల్లకిలా పడుకుని కాసేపు కళ్లు మూసుకునేదాన్ని. బ్రోకర్లు ముఖాలు చూసుకునేవాళ్లు. చూసుకోనీ. ఆ ఇంట్లో పడుకోవాల్సింది నేను, వాళ్లు కాదు.

ముప్పై ఎనిమిదో ఏట నాకు సికింద్రాబాద్‌లో ఒక పెద్ద దవాఖాన బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా ఉద్యోగం వచ్చింది. అన్నీ రాత్రి డ్యూటీలే. అప్పటిదాకా గోదావరిఖనిలో ఒక చిన్న ల్యాబులో పనిచేశాను. ఆ ఏడే మా బాపు బొగ్గుబాయి నుంచి రిటైరయ్యాడు. రిటైరైతే కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి తాళం అప్పజెప్పాలి. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్లు. ఇక మిగిలింది మేమిద్దరం. నాకు పెళ్లెందుకు కాలేదన్నది ఇక్కడ చెప్పబోయే సంగతి కాదు. ఇల్లు చూడబోయిన చోటల్లా మాత్రం ముందు అదే అడిగారు.

నగరం నడిబొడ్డున ఉండటం మా వల్ల కాదు. రోజూ పోయి రాగలిగినంత దూరంలో ఉండాలి. ఎక్కడ అన్నదానికి మా క్వార్టర్ల వరుసంతా తలో మాట చెప్పింది. మేడ్చల్ వైపు పొమ్మని ఒకరు, ఉప్పల్ దాటొద్దని ఒకరు, గేటూ కాపలావాడూ ఉన్న అపార్టుమెంటే మేలని ఇంకొకరు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అందరి మాటలూ విని, బాపు ఒక్క షరతు పెట్టాడు.

"యాడన్న ఉందాం బిడ్డ. రామగుండంల ఎక్కిన బండి మనింటి ముంగట నుంచే పోవాలె. ఎవలన్న సచ్చిన్రంటే జల్ది పోయొస్త."

గోదావరిఖనికి రామగుండమే స్టేషను. అంటే కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే పట్టాల వెంట ఎక్కడో ఒకచోట. నా షరతు పగటి నిద్ర. ఈ రెండూ పట్టుకుని ఆదివారం ఆదివారం బండెక్కేవాళ్లం.

పగటి నిద్ర విలువ మా వరుసలో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. బాపు సర్వీసులో సగం నైట్ షిఫ్టులే. కిటికీకి గొంగడి కట్టి ఉందంటే లోపల నైట్ షిఫ్టు మనిషి పడుకున్నాడని గుర్తు. ఆ ఇంటి ముందు పిల్లలు బ్యాటు పట్టుకునేవాళ్లు కాదు. కూరగాయలమ్మే అవ్వ మా వరుస మొదట్లోనే గొంతు తగ్గించి, చివర్లో మళ్లీ పెంచేది. పక్క క్వార్టర్లో చాచీ అల్లం ఎల్లిపాయ దంచాలంటే రోలును వెనక వాకిట్లోకి మోసుకెళ్లేది. మాది చర్చికి పోయే ఇల్లు, వాళ్లది నమాజు ఇల్లు. ఆమె మాకు తెలుగులో చెప్పేది, అమ్మ ఆమెకు దక్నీ ఉర్దూలో జవాబిచ్చేది. నిద్ర దగ్గర మాత్రం ఎవరి నిద్రైనా ఒకటే. చిన్నప్పుడు ఈ ఏర్పాటు లోకమంతా ఉంటుందనుకున్నాను. ఉండదని ఉప్పల్లో తెలిసింది.

ఉప్పల్లో ఇల్లు బాగుంది. నేల మీద పడుకుంటే పావురాల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అపార్టుమెంటు సెక్రటరీ మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, డ్యూటీ టైమింగ్స్ అడిగాడు. చెప్పాను. ఆయన ముఖం మీద నవ్వు ఉన్నది ఉన్నట్టే ఉంది, మాట మారింది.

"ఇక్కడ ఫ్యామిలీలు ఉంటాయి కదండీ. రాత్రంతా బయటుండి పొద్దున్నే వచ్చే లేడీస్ అంటే అందరికీ కొంచెం..."

కొంచెం ఏమిటో చెప్పలేదు. చెప్పించాలని చూశాను.

"కొంచెం ఏందండీ? పూర్తిగ చెప్పండి."

ఆయన వాచీ చూసుకున్నాడు. బాపు నా మోచెయ్యి పట్టుకుని లేపాడు.

ఘట్‌కేసర్‌లో ఇంటావిడ అంత మర్యాద కూడా పెట్టుకోలేదు. ఏమిట్లోళ్లని కులం అడిగింది, చెప్పాం. నీసు తింటారా అని అడిగింది, తింటామన్నాం. రెండూ ఓర్చుకుంది. రాత్రి డ్యూటీ అనేసరికి లేచి లోపలికి పోయి మళ్లీ రాలేదు. బయటకు వచ్చాక బ్రోకరు నాకు బుద్ధి చెప్పాడు. రెసిడెన్షియల్ స్కూల్లో టీచరునని చెప్పుకోమన్నాడు. హాస్టల్లో పిల్లలతో పడుకుని పొద్దున వస్తానంటే ఎవరూ మాట్లాడరట, పైగా గౌరవమట. నేను బాపు వైపు చూశాను. ఆయన కాదంటాడని చూశాను. ఆయన తల ఊపాడు.

"గట్ల చెప్తే ఏంబోతది బిడ్డ. ఇల్లైతే దొర్కుతది."

"అబద్ధం ఆడి తెచ్చుకున్న ఇంట్ల నాకు నిద్ర పట్టదు బాపూ."

ఆ పూట రైల్లో అమ్మ గుర్తొచ్చింది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మ నన్ను తిడుతుండేది. తిట్టనీ. రాత్రి డ్యూటీలో నేను చేసేది ఎవరో తెలియని మనిషికి సరిపోయే రక్తాన్ని సరిచూసి పంపడం. గ్రూపు తప్పితే మనిషి పోతాడు. అంత పని చేసే చేతులను దాచుకుని తిరగమంటే నాకు కోపం రాదా? వచ్చింది. ఇప్పటికీ వస్తుంది.

నాలుగో ఆదివారం భువనగిరిలో దిగాం. నగరానికి దూరమని మా వాళ్లంతా కొట్టిపారేసిన ఊరు. స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో ఇల్లు. ఇంటామె చీరలకు ఫాల్ కుట్టుకుని బతికే పెద్ద మనిషి. ఈసారి కుర్చీ కూడా చూడలేదు, గడపలోనే చెప్పేశాను.

"అమ్మా, నాది నైట్ డ్యూటీ. పొద్దుమీకి పోయి పొద్దుగాల వస్త. పగలంత పండుకుంట. మీకు నచ్చకపోతే గిప్పుడే చెప్పండి."

ఆమె దారం పంటితో తెంపి, "ఏం డ్యూటీ?" అంది. చెప్పాను.

"నల్లా పొద్దుగాల ఏడింటికి వస్తది. గప్పటికి నువ్వు రాకపోతివి. నీళ్లెవలు పడ్తరు?"

"నేను పడ్త" అన్నాడు బాపు.

అంతే. ఇల్లు కుదిరింది. లోపల నేల మీద పడుకుని చూడటం కూడా మరిచిపోయాను. తర్వాత చూస్తే రైలు కూత గోడలోంచి వస్తున్నట్టే వినిపించేది. దానికి వారంలో అలవాటు పడ్డాను.

ఆ వారం చివరనే ఎదురింటామె వాకిట్లో నన్ను ఆపింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చాను, కళ్లు మూతలు పడుతున్నాయి.

"టీచరమ్మా, మా పాపకు లెక్కలు అస్సలు వస్తలేవు. పగలు మీరు ఇంట్లనే ఉంటరట గద, జర చెప్తరా?"

"నేను టీచర్నని ఎవలు చెప్పిండ్రక్కా?"

"మీ బాపే. హాస్టల్ల పిల్లలను చూస్కుంటరట గద."

నిద్ర ఎటుపోయిందో పోయింది.

"కాదక్కా. నేను దవాఖానల రక్తం చూస్త, రాత్రంత మెలకువతోని ఉంట. మీ ఇంట్ల ఎవలకన్న రక్తం కావాల్నంటే నన్ను లేపుండ్రి. లెక్కలు నాకు గూడ రావు."

ఆమె నవ్వాలో వద్దో తెలియక నిలబడింది. నేను లోపలికి పోయాను. బాపు బియ్యం కడుగుతున్నాడు.

"గల్లి మొత్తానికి నన్ను టీచర్ను చేసినవట."

ఆయన గిన్నె వంచుతూనే ఉన్నాడు.

"బాపూ, ముప్పై ఏండ్లు నువ్వు రాత్రిపూట పోయినవు. అమ్మ ఎవలకన్న దాసిందా?"

"నేను మొగోన్ని."

ఆ ఒక్క మాటకు నా ఒళ్లు మండిపోయింది. ఆయనకూ తెలిసింది. గిన్నె కింద పెట్టాడు.

"ఖనిల మనం అందరికి ఎరుకనే బిడ్డ. ఈడ ఎవలకెరుక? ఎవడన్న నిన్నొక్క మాటంటే నేను తట్టుకోలేను. గదే ఫికర్ నాకు."

"అంటే అననియ్యి. నేను తప్పు చేస్తలేను. నువ్వు దాస్తేనే తప్పు చేసినట్టైతది."

ఆ రోజు తినకుండానే పడుకున్నాను. పొద్దుమీకి ఆయనకు చెప్పకుండా డ్యూటీకి పోయాను. రైల్లో ఏడుపొచ్చింది. ఊరంతా ఏమన్నా పడతాను. బాపే నన్ను దాస్తే ఆ ఇల్లు తెచ్చుకుని ఏం లాభం అనిపించింది.

మర్నాడు పొద్దున తొమ్మిదికి బండి దిగేసరికి ప్లాట్‌ఫారం మీద బాపు ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"ఎందుకొచ్చినవ్?"

"ఊకెనే."

నా చేతిలో సంచి తీసుకున్నాడు. స్టేషను నుంచి మా ఇంటికి రెండు దారులు. ఒకటి పట్టాల పక్క నుంచి, అక్కడ మనిషి కనపడడు. రెండోది చాయ్ హోటలు ముందు నుంచి. పొద్దున పూట అక్కడ ఎప్పుడూ పదిమంది మగవాళ్లు కూర్చుని ఉంటారు. నేను పోతుంటే మాటలు ఆపి, నేను దాటాక మళ్లీ మొదలుపెడతారు. రోజూ పంతం కొద్దీ ఆ దారినే పోయేదాన్ని, తల మాత్రం వంచుకునేదాన్ని. అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

బాపు ఆ హోటలు ముందుకే నడిచాడు. దాటిపోలేదు, లోపలికి పోయాడు. మాటలు ఆగిపోయాయి. ఆయన సంచి బల్ల మీద పెట్టి, బాయి కాడ పిలిచినట్టు గట్టిగా పిలిచాడు.

"రెండు చాయ్ వెట్టు. నా బిడ్డ డ్యూటీ దిగొచ్చింది."

బెంచీ చివరి నుంచి ఒకాయన నెమ్మదిగా అడిగాడు.

"ఏం డ్యూటీ కాకా? హాస్టల్ల టీచర్ అంటివి గద?"

"అబద్ధం చెప్పిన. నేనే చెప్పిన, అది చెప్పలే. నైట్ షిఫ్టు దానిది, దవాఖానల. రేపు నీకు రక్తం కావాల్నంటే మా బిడ్డ చూసి పంపాలె."

అడిగినాయన పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చాడు. నేను వాళ్ల మధ్యలో కూర్చుని, తల ఎత్తి, ఒక్కొక్కరి ముఖమే చూస్తూ చాయ్ తాగాను. కొందరు చూపు తిప్పుకున్నారు. ఇద్దరు తిప్పుకోలేదు, ఎంత దూరం పోతవమ్మా అని అడిగారు. చెప్పాను. గ్లాసు ఖాళీ అయ్యేసరికి బాపు లేవబోయాడు.

"కూసో బాపూ" అన్నాను. నిద్ర ముంచుకొస్తున్నా, ఇంకో చాయ్ చెప్పాను.