గోంగూర మడిలో ఉప్పు

మా చిన్నప్పుడు బందరులో మా కాన్వెంటు వెనక గోడ పక్కన కొంచెం ఖాళీ నేల ఉండేది. విరిగిన బెంచీలన్నీ అక్కడే పడేసేవారు. నేను ఏడో తరగతిలో ఉండగా మా సైన్స్ సిస్టర్ ఆ బెంచీలు తీయించి, తోట వేద్దామన్నారు.

ముందు ఎరువు గుంట తవ్వించారు. ఇంట్లో చెత్త ఏదైనా తెమ్మన్నారు. అరటి తొక్కలు, కొబ్బరి పీచు, వాడిన పూలదండలు... ఆ వారమంతా మా పుస్తకాల సంచులు అదో రకమైన వాసన వేసేవి.

నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. లైబ్రరీ పీరియడ్ కోసమే బడికి వెళ్ళేదాన్ని. అక్కడో పుస్తకంలో చేపల వ్యర్థాలు మొక్కలకు మంచి బలమని చదివాను. ఆ మాట నా పక్కన కూర్చునే రూతుకు మాత్రం చెవిలో చెప్పాను.

రూతు వాళ్ళమ్మ ఊరి పక్కన చేపల రేవు గిలకలదిండిలో ఎండుచేపలు అమ్మేవారు. రెండు రోజుల్లోనే రూతు, ఎండుచేపలు దులిపితే రాలిన పొట్టు గోనెసంచి నిండా తెచ్చి గుంటలో పోసింది.

"బస్సెక్కకుండానే గిలకలదిండి వచ్చేసిందే" అని వెనక బెంచీ వాళ్ళు ముక్కులు మూసుకున్నారు. రూతు కూడా నవ్వింది...

దసరా సెలవులయ్యాక ఆ ఎరువు తీసి, తోటలో అప్పటికే మొలిచిన గోంగూర మడికి వేశాం. వారం తిరక్కుండా మొక్కల ఆకుల అంచులు మాడిపోయాయి. మట్టి మీద తెల్లగా పేరుకుంది. ఉప్పు! పుస్తకంలో చేప అని ఉంది. ఉప్పు చేప అని లేదు...

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ రూతు వైపు చూశారు. సిస్టర్ గుంట పూడ్పించేస్తానన్నారు. ఇలాంటి పని ఎవరు చెప్తే చేశావని రూతును అడిగారు. రూతు తల వంచుకుంది. నా పేరు చెప్పలేదు.

నేను లేచి నిలబడ్డాను.

"చెప్పింది నేను సిస్టర్. పుస్తకంలో చూసి... రూతు తప్పు కాదండీ."

క్లాసంతా నా వైపు తిరిగింది. ఆ రోజుకు ముందు నా గొంతు విననివాళ్ళు అందులో ఉన్నారు!

అప్పుడే వరండా తుడుస్తున్న ఆయమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమెది సముద్రపు ఉప్పు తగిలే దివిసీమ.

"ఉప్పు తగిలిందని చేను వదిలేస్తామా సిస్టర్ గారూ? మా వైపు నీళ్ళు కట్టి, ఆ నీళ్ళు తీసేస్తాం. నాలుగుసార్లు అట్టా చేస్తే ఉప్పు దిగిపోద్ది."

సిస్టర్ సరేనన్నారు. మడి చుట్టూ గట్టు వేశాం. కుళాయి నీళ్ళు బకెట్లతో మోసి నింపాం. మర్నాడు కాలువ తీసి వదిలేశాం. మళ్ళీ నింపాం... బకెట్‌కు రూతు ఒక చెయ్యి, నేనొక చెయ్యి వేశాం. తర్వాత వానలు కూడా సాయం చేశాయి.

మళ్ళీ చల్లిన గోంగూర ఎర్రటి కాడలతో లేచింది. మొదటి కట్ట సిస్టర్ రూతు వాళ్ళమ్మకు ఇచ్చారు. రోజూ రూతు కోసం వచ్చి గేటు బయటే నిలబడే ఆవిడ, ఆ రోజు తోట దాకా వచ్చారు. ఈసారి పొట్టును రెండు నీళ్ళలో కడిగి పంపుతానన్నారు.

ఇప్పుడు నేను గుడివాడ దగ్గర ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. మా పిల్లలకు చేతికి మట్టి అంటితే ముందు శానిటైజర్ గుర్తొస్తుంది. అయినా పోయిన వారం వాళ్ళతోనే ఎరువు గుంట తవ్వించాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక పాప నా దగ్గరకొచ్చి, గుంటలో ఇంకా ఏం వేయవచ్చో చెవిలో చెప్పింది.

అందరికీ వినిపించేలా చెప్పమన్నాను... చెప్పింది.

మీ బడి తోటలో మొదట మొలిచిందేమిటి? ఎండిపోయింది ఏదైనా ఉంటే, అది కూడా చెప్పండి...