పక్కింటామె

పోయిన నెల కోరుట్లలో మా వీధి చివర కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు కృతజ్ఞత కూడిక పెట్టి నన్నూ పిలిచారు. రంగుల వాసన ఇంకా పోని హాల్లో చాపలు పరిచారు, మోకాళ్ల నొప్పులవాళ్లకు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వెనక వరండాలోంచి బగారన్నం వాసన వస్తుంటే పిల్లలు వాక్యం వినడం మానేసి ఆ గుమ్మం వైపే చూస్తున్నారు. పాస్టరు అయ్యగారు ప్రసంగం త్వరగానే ముగించాడు గానీ, ఎవరూ అనుకోని పని ఒకటి పెట్టాడు. ఒక్కొక్కరూ లేచి, తమ బతుకులో ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలో ఒక్క మనిషి పేరు చెప్పాలన్నాడు. ఒకామె తల్లి పేరు చెప్పింది. ఒకాయన గుండె ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు చెప్పాడు. ఒక ముసలాయన తన స్కూటరు బాగుచేసే మెకానిక్ పేరు చెప్తే అందరం నవ్వాం. నా వంతు వచ్చింది. "మంచి ఆరోగ్యం ఇచ్చినందుకు దేవునికి" అన్నాను. "మనిషి పేరు చెప్పండి టీచరమ్మా" అన్నాడాయన. "ఒకరని ఏం చెప్పను, అందరికీ" అన్నాను. ఆమెన్ అన్నారు. బగారన్నం వడ్డించకముందే లేచి ఇంటికి వచ్చేశాను.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. పేరు ఇక్కడ కూడా రాయను. పెద్దవ్వ అన్న పిలుపునే నిలబెట్టుకోలేకపోయినదాన్ని, పేరు రాసే హక్కు నాకెక్కడిది?

గొల్లపల్లి దగ్గర ఒక పల్లెలో, నాకు ఆరేళ్లప్పుడు, మా అమ్మ జ్వరంతో పోయింది. భూమి లేని ఇల్లు మాది. మా నాయన కూలికి పోతే నన్ను చూసేవాళ్లు లేరు. కొన్నాళ్లకు ఆయన ఇంకో పెళ్లి చేసుకున్నాడు, ఆ పెళ్లిలో నేను లేను. ఎందుకంటే అమ్మను మట్టిచేసిన మూడోనాడే మా అమ్మ అక్క, అంటే మా పెద్దవ్వ, నా చెయ్యి పట్టుకుని సిరిసిల్ల బస్సెక్కించింది. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. చేతి మగ్గాలు పోయి కరెంటుతో నడిచే సాంచాలు వస్తున్న కాలమది. ఒక ఆసామి ఇంటి వెనక గదిలో ఉంటూ, ఆయన సాంచాలకు నూలు కండెలు చుట్టేది. పొద్దున మొదలైన సాంచాల మోత పొద్దుగూకినా ఆగేది కాదు. ఆ మోతలో ఉప్పు కావాలన్నా అరవాల్సిందే. ఆసామి భార్యా పెద్దవ్వా మంచీచెడూ మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్లు కొట్లాట అనుకుని ఆగి చూసేవాళ్లు.

పెద్దవ్వకు స్తోత్రాల పిచ్చి. ఇల్లు కురిస్తే, "పొయ్యి మీద కురవలే, స్తోత్రం" అనేది. నా పరీక్ష పోతే, "ఒక్కటే పోయింది, స్తోత్రం" అనేది. కరెంటు పోతే సాంచాలు ఆగి చెవులకు సుఖమైందని స్తోత్రం, వస్తే పని దొరికిందని స్తోత్రం. అన్నం ముందు ప్రార్థన మొదలుపెడితే ఊరిలో ఉన్న వితంతువులనూ, సరిహద్దుల్లో ఉన్న సైనికులనూ, ఆసామి ఇంటి బర్రెనూ దేవుడికి అప్పగించేదాకా ఆగేది కాదు. నేను ఒక కన్ను తెరిచి అన్నం మీద ఆవిరి తగ్గిపోవడం చూసేదాన్ని. అలాగని ఆమె శాంతమూర్తి కాదు. నోరు పదును, చెయ్యి ఇంకా పదును. చర్చిలో ఆదివారం బడికి పోకుండా పోయానని చెప్పినందుకు ఒకసారి రాట్నం పుల్లతో కొట్టింది. "ఆకలైతే దొంగతనం చెయ్యి, నేను పోయి కాళ్లు మొక్కి ఇచ్చొస్త. అబద్ధం మాత్రం ఆడకు. దాన్ని నేను యాడికని పోయి వాపసు ఇయ్యాలె?" అంది.

అట్లాంటి మనిషి నాకోసం ఒక అబద్ధం ఆడింది. పెద్ద బడిలో చేర్చిన రోజున హెడ్మాస్టరు మతం అడిగాడు. మావంటివాళ్లు క్రైస్తవులని రాయిస్తే హాస్టలు రాదు, స్కాలర్‌షిప్పు రాదు, రేపు ఉద్యోగంలో మా కులానికి రావలసిన రిజర్వేషన్ రాదు. ఆ సంగతి ఆమెకు ఎవరో ముందే చెప్పారు. చాలాసేపు కొంగు చివర నలుపుతూ నిలబడి, "హిందువనే రాసుకోండ్రి సారూ" అంది. ఇంటికొచ్చి నాకు అన్నం పెట్టి తను పస్తు ఉంది. ఎందుకు తినలేదని ఆసామి భార్య అడిగితే, "కడుపుల మంచిగ లేదు" అంది. అది ఆ రోజు రెండో అబద్ధం.

ఆ కాగితం నన్ను మోసుకుపోయింది. చదువు, టీచర్ ట్రైనింగ్, కొడిమ్యాల వైపు ఉద్యోగం, కొన్నేళ్లకు జగిత్యాలకు బదిలీ, పెళ్లి. నాతో పాటు ఆ కాగితం అబద్ధమని బయటపడుతుందన్న భయం కూడా పెరిగింది. మొదట్లో పెద్దవ్వ పండుగలకు మా ఇంటికి వచ్చేది. బైబిలు చీరల మడతల్లో పెట్టుకొచ్చేది. "ఇంటి ఓనరు వాళ్లు పైనే ఉంటరు, జెర మెల్లగ చేసుకోమను" అని మావారు ప్రార్థన గురించి ఒకసారి అన్నారు. నేను ఆయన్ను వద్దనలేదు, ఆమెకు సర్దిచెప్పనూ లేదు. ఆ తర్వాత ఆమె రావడం తగ్గించింది. "నేను అచ్చుడెందుకు బిడ్డా, నలుగురి కండ్ల వడుతది. నువ్వే అప్పుడప్పుడు రా" అంది. అప్పుడప్పుడు అన్నది ఏడాదికి ఒకసారైంది. మా స్టాఫ్ రూములో, ప్రమోషన్ జాబితాలో నా వెనక ఉన్న టీచరమ్మ ఒకామె చాయ్ తాగుతూ, "కొందరి కాగితాలు ఒకటి చెప్తయ్, ఆదివారాలు ఇంకోటి చెప్తయ్" అన్నప్పటినుంచి ఆ ఒక్కసారి కూడా బరువైంది.

తర్వాత తెలంగాణ సమ్మె వచ్చింది. బడులు బంద్, బస్సులు బంద్. జగిత్యాలలో టెంటు వేసి రోజుకొక శాఖవాళ్లం దీక్షలో కూర్చునేవాళ్లం. మధ్యాహ్నం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. సాంచాల మోతలో పెరిగిన గొంతు నాది, మైకు లేకున్నా చివరిదాకా వినబడేది. నేను మాట్లాడతానంటే జనం ఆగేవాళ్లు. చప్పట్లు రుచి మరిగాను. అప్పటిదాకా నా మాటలు వినడానికి అటెండెన్స్ ఉన్న పిల్లలు తప్ప ఎవరూ లేరు మరి.

మా టీచర్ల వంతు వచ్చిన రోజున నేను లేచి ఇలా అన్నాను: "నాకు తల్లి లేకుండె, తండ్రి లేకుండె, ఎనుక ఒక్క మనిషి లేకుండె! ఒక్కదాన్నే సదువుకున్న, ఒక్కదాన్నే నిలవడ్డ. నా తెలంగాణ గూడ గట్లనే ఎవ్వల దయ లేకుంట నిలవడ్తది!" ఈలలు, చప్పట్లు. జై తెలంగాణ అని పిడికిలెత్తి కళ్లు తిప్పితే, టెంటు వెనక కర్రను పట్టుకుని, ఆడవాళ్ల మధ్య పెద్దవ్వ నిలబడి ఉంది. ఆమె కూడా పిడికిలెత్తింది.

ఎట్లా వచ్చిందో తర్వాత తెలిసింది. సిరిసిల్ల నుంచి వేములవాడ దాకా ఎవరిదో ట్రాక్టరు, అక్కడినుంచి రెండు ఆటోలు, మధ్యలో నడక. మా ఇంటికి పోతే నేను టెంటు దగ్గర ఉన్నానని ఓనరు వాళ్లు చెప్పారట. బాగా చిక్కిపోయింది. నేను దిగి ఆమె దగ్గరికి పోయేలోపే ఆ ప్రమోషన్ టీచరమ్మ నా పక్కకు వచ్చింది. పెద్దవ్వ అలవాటుకొద్దీ రెండు చేతులూ జోడించి ఆమెకు "వందనాలమ్మా" అంది. ఆ పలకరింపు క్రైస్తవులదని తెలియనివాళ్లుండరు. చేతిసంచిలోంచి బైబిలు నల్ల అట్ట సగం బయటికి కనబడుతోంది.

"ఎవరు మేడం, మీ చుట్టమా?" అని అడిగింది టీచరమ్మ.

ఆ ప్రశ్నలో విషం ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. మామూలుగానే అడిగిందేమో. "కాదు మేడం, సిరిసిల్లల మా పక్కింటామె" అన్నాను.

పెద్దవ్వ నా ముఖం చూసింది. ఒక్క క్షణమే. వెంటనే నవ్వుతూ ఆమె వైపు తిరిగి, "ఔనమ్మా, పక్కింటిదాన్నే. గీడికి పనిమీద అచ్చిన. టీచరమ్మ కనవడితే పలకరిద్దామని ఆగిన" అంది. సంచిని మెల్లగా కొంగు కిందికి జరుపుకుంది.

టీచరమ్మ అటు పోయాక, "ఇంటికి పోయి కూసో, సాయంత్రం వస్త" అన్నాను గొంతు తగ్గించి. "లేదు బిడ్డా, అచ్చిన ఆటో మళ్ల పోతది. దొరకకపోతే కష్టం" అంది. వంటావార్పు వరసలో ఆకు ముందు కూర్చుంది. నేను వడ్డించే వైపు కాకుండా అవతలి వరసలో. ఎప్పుడూ అంత పొడుగు ప్రార్థన చేసే మనిషి, ఆ రోజు తలైనా వంచకుండా, కళ్లైనా మూయకుండా తింది. నాకోసమే. పోతూపోతూ, "బాగ మాట్లాడినవ్. స్తో..." అని నాలుక కరుచుకుని, "మంచిగుండు" అంది. ఎందుకొచ్చిందో నేను అడగలేదు. అడిగితే ఆలస్యమవుతుంది, నిలబడితే ఇంకెవరైనా చూస్తారు.

సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలయ్యాక కూడా రెండు ఆదివారాలు పోనిచ్చి సిరిసిల్ల వెళ్లాను. గది ముందు ఆసామి భార్య అడ్డం నిలబడింది. ఆమెకూ వయసు మీదపడింది, సాంచాలు సగం అమ్మేశారు. అక్కడ ఇప్పుడు మామూలుగా మాట్లాడినా వినబడుతుంది, అయినా ఆమె అరిచే అన్నది. "కడుపుల గడ్డ ఉన్నది, పెద్ద దవఖానల చూపియ్యిమన్నడు గీడి డాక్టరు. గందుకే గదా నీ తానికి అచ్చింది! నువ్వేమో పనిల ఉన్న, మళ్ల రమ్మని తోలిచ్చినవట. ఏం పనే నీకు?"

పెద్దవ్వ నన్ను కాపాడటానికి ఈమెతో కూడా అబద్ధమాడింది. నేను వేసిన లెక్క ప్రకారం ఆమె జీవితంలో ఆడిన అబద్ధాలన్నీ నాకోసమే.

లోపల నులక మంచం మీద పెద్దవ్వ ఒక చీర ముడతలా పడి ఉంది. కరీంనగర్ తీసుకుపోతానన్నాను. "డాక్టరు ఇంక తిప్పవద్దన్నడు" అంది. ఆ రోజు సంగతి ఎత్తబోయాను. "పెద్దవ్వా, ఆ టెంటు కాడ నేను..." అనగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"గా ముచ్చట నేను దేవుని ముంగట తీస్తలేను. నువ్వు నా ముంగట తియ్యకు" అంది. మళ్లీ తనే, పైకప్పు చూస్తూ, "నీదేం తప్పున్నది బిడ్డా? బడిల సారుకు నేనే చెప్తిని. నేను నేర్పిందే నువ్వు ఒప్పజెప్పినవ్" అంది.

కోపంతో అనుంటే తట్టుకునేదాన్ని. ఆమె నిజంగానే అలా అనుకుంది. నా పాపం కూడా తన ఖాతాలోనే వేసుకుని పోవాలనుకుంది, పోయింది. నేను క్షమించమని అడగలేదు. అడగకుండానే ఇచ్చేసినదాన్ని మళ్లీ ఎట్లా అడగడమో నాకు తెలియలేదు. నిజం చెప్పాలంటే, అడగకుండా తప్పించుకున్నందుకు లోపలెక్కడో తేలికపడ్డాను కూడా.

పది రోజులకు పోయింది. సమాధి దగ్గర అక్కడి పాస్టరు, "కుటుంబం తరపున ఎవరైనా రెండు మాటలు చెప్పండి" అన్నాడు. వేలమందిని చప్పట్లు కొట్టించిన నేను నోరు తెరిచాను, గాలే వచ్చింది. మా బడివాళ్లు ఒక్కరూ అక్కడ లేరు, భయపడటానికి కారణమే లేదు. అయినా రాలేదు. అందరూ నన్నే చూస్తుంటే ఆసామి భార్య ముందుకొచ్చింది. ఎన్నడూ చర్చి గడప తొక్కిన మనిషి కాదు, అక్కడి పద్ధతి తెలియదు. గోతిలోకి చూస్తూ, సాంచాలు నడుస్తున్నప్పటిలాగే గట్టిగా, "నలభై ఏండ్లు మా ఇంట్ల ఉన్నది. ఈమె నాకు అక్క. మంచి మనిషి. గంతే" అని పిడికెడు మట్టి వేసి పక్కకు తప్పుకుంది. ఆ తర్వాత నేను వేశాను.

మూడేళ్లకు రాష్ట్రం వచ్చింది. జగిత్యాల వీధుల్లో రంగులు చల్లుకున్నారు. ఉద్యమంలో ముందున్న ఉపాధ్యాయురాలని నాకు శాలువా కప్పారు. కోరుట్ల బడికి ప్రమోషన్ కూడా వచ్చింది. ఆ టీచరమ్మ నా మీద ఎన్నడూ అర్జీ పెట్టలేదు. ఆమె కూతురు పెళ్లికి పిలిస్తే పోయాను, కొసరి కొసరి వడ్డించింది. నేను ఇరవై ఏళ్లు భయపడిన మనిషి బహుశా నన్ను గురించి ఎన్నడూ ఆలోచించనే లేదు.

రిటైరైన తర్వాత మొదటి ఆదివారం, పట్టపగలు, బైబిలు చేతిలో పట్టుకుని చర్చికి నడిచిపోయాను. దారిలో ఎవరూ తలెత్తి చూడలేదు. మనిషి బతుకు నీటి బుడగంతని అక్కడ వారం వారం చెప్తారు, తల ఊపి వింటాను. నా భయం తీరడానికి సరిపోయినంత కాలం నాకు దొరికింది. దొరకనిది ఆమెకు.