కురవి రాట్నం, కొత్త ధోతి

"రంగులరాట్నం ఎక్కుత అంటే ఎక్కుత, వదినా."

"ఎక్కి ఏం జేస్తవ్? మీదికి పోతవ్, కిందికొస్తవ్. మళ్ల ఉన్నకాడికే వస్తవ్. గా దానికి పైసలు తగలెయ్యాల్నా?"

"పొద్దుగాల నువ్వు గుడి సుట్టు తిరిగి ఏడికి పోయినవ్? ఉన్నకాడికే రాలేదా?"

"ఇనుప డబ్బాలను దేవునితోని సమానం జేస్తున్నవా? నోరు కడుక్కో."

"కడుక్కుంట. కడుక్కోని ఎక్కుత."

కురవి వీరభద్రస్వామి జాతరలో, శివరాత్రి మర్నాడు మధ్యాహ్నం, మా ఎడ్లబండి నీడన జరిగిన మాటలివి. నాతో వాదిస్తున్నది మా ఆడబిడ్డ, మా ఇంటాయనకు చెల్లె. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆమెకు రెండు కాళ్లూ పడిపోయాయి. ఇంట్లో చేతుల మీద జరుగుతూ అన్ని పనులూ చేసేది. వాకిలి దాటాలంటే మాత్రం ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. జాతరకు కూడా బండి వెనక గడ్డి మీద పడుకోబెట్టి, మీద దుప్పటి కప్పి తెచ్చాం.

తెలంగాణ కోసం లొల్లి నడిచిన ఏడాది, గొడవల భయానికి మేము జాతరకు రాలేదు. మళ్లీ ఏడు తీసుకుపోతామని అప్పుడామెకు చెప్పాం. తర్వాత ఏటేటా ఏదో ఒక పని అడ్డం పెట్టి దాటేశాం. మేం మరిచినా ఆమె మరువలేదు.

నేను కొడకండ్లలో రెండో తరగతి దాకా చదివి, ఆ పైన పశువుల వెంట పోయినదాన్ని. పిసికిన చింతపండు పిప్పిని కూడా బిందెలు తోమడానికి దాచుకునే ఇల్లు నాది. గాలిలో తిరగడానికి డబ్బివ్వడమేమిటో నాకు మింగుడు పడలేదు. అయితే అసలు గుబులు అది కాదు. కాళ్లు బిగించుకోలేని మనిషి ఆ డబ్బాలోంచి జారితే? ఆ మాట పైకి అనలేక పైసల మాట పట్టుకుని కూర్చున్నాను.

మా ఇంటాయన బీడీ పారేసి లేచాడు. "ఎన్నడన్న ఏమన్న అడిగిందా? ఎక్కనియ్యి."

"మరి పక్కన నువ్వు కూసుంటవా?"

ఆయనకు చేలో మంచె ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి. భుజం మీది ధోతి సర్దుకున్నాడు.

"ఎవలు వద్దు. ఒక్కదాన్నే కూసుంట," అంది ఆడబిడ్డ.

అన్నం ఎసరు మీద ఉండగానే పోయాం. రంగులరాట్నం గుడి వెనక మైదానంలో ఉంది. ఎనిమిది డబ్బాలు, తాడిచెట్టులో సగం ఎత్తు. పక్కన నూనె ఇంజన్, ఇంజన్ నుంచి చక్రానికి తోలు పట్టా. దాని ఆసామి ఘనపూర్ నుంచి వచ్చినాయన. మా ఆయన చెల్లెను ఎత్తి డబ్బాలో కూర్చోబెట్టాడు. నేను ఆయన భుజం మీది కొత్త ధోతి లాక్కుని, ఆమె నడుముకూ డబ్బా వెనక కమ్మీకీ కలిపి కట్టాను. కట్టెల మోపుకు వేసే ముడి. లాగినకొద్దీ బిగుసుకుంటుంది.

ఆసామి చూసి నవ్వాడు. "అక్కా, మనిషిని గట్టినవా, కట్టెలను గట్టినవా?"

"నీ రాట్నం నువ్వు మంచిగ తిప్పు. నా ముడి సంగతి నీకెందుకు?"

ఇంజన్ మొదలైంది. ఆమె పైకి పోయినప్పుడల్లా నేను రెండడుగులు ముందుకు వేసేదాన్ని. నిలబడలేను, కూర్చోలేను. చూడలేను, చూడకుండా ఉండలేను. ఆమె మాత్రం రెండు చేతులూ వదిలేసి నవ్వుతున్నది. అంత పెద్దగా ఆమె నవ్వడం మా ఇంట్లో నేను వినలేదు.

అంతలో ఫట్‌మని పట్టా తెగింది. ఆసామీ, అతని పనివాడూ చక్రం కింద మొద్దు దూర్చి ఆపారు. "దిగకుండ్రి, దిగకుండ్రి" అని ఆసామి మొత్తుకుంటున్నా, కింది డబ్బాల్లోని జనం దూకేశారు. మీది డబ్బాల పోరగాళ్లు కమ్మీలు పట్టుకుని జరజరా దిగిపోయారు. అందరికన్నా పైన, ఆమె ఒక్కతే మిగిలింది.

పనివాడు కమ్మీల మీదుగా పైకి పోయాడు. "ముడి ఇప్పు చెల్లే, భుజమ్మీద ఏసుకొని దించుత."

"బస్తానా నేను, భుజమ్మీద ఏసుకోనీకి? కూసోని ఎక్కిన. కూసోనే దిగుత."

నేను కిందినుంచి అరిచాను. "పంతానికి గిదేనా జాగ? దిగుతవా లేదా?"

"మందిల కాళ్లు యేలాడేసుకోని దిగ వదినా. చస్తే దిగ."

పనివాడు ముడి మీద చెయ్యి వేసి చూశాడు. అది అతనికి లొంగలేదు. ఉత్త చేతులతో దిగొచ్చాడు.

చుట్టూ జనం తలో సలహా ఇస్తున్నారు. నిచ్చెన అని ఒకరు, మోకు అని ఒకరు. ఎండ మాడుతున్నది. ఆసామి తల పట్టుకున్నాడు. "మీద ఒక్కతే ఉన్నది. మొద్దు తీస్తే బుర్రున కిందికి కొట్టుకొస్తది. కాటాకు రెండు దిక్కుల బరువుంటెనే మెల్లగ వస్తది. అడుగు డబ్బాల ఎవలన్న కూసోండ్రి." దూకిన వాళ్లలో ఒక్కరూ కదల్లేదు. మా ఇంటాయన కళ్లు మూసుకుని ముందుకు వచ్చాడు. ఆసామి ఆపాడు. "నువ్వు బరువెక్కువ. పైంగ చక్రం పట్టనీకి ముగ్గురం కావాలె." అని నా వైపు చూశాడు. "ఆమెది నీది ఒక్క తూకమే, అక్కా."

"నేనా? నేను జన్మల ఎక్కలె."

పైనుంచి ఆమె నా వైపే చూస్తున్నది. అదే నన్ను కదిలించింది. కొంగు నడుముకు చుట్టి అడుగు డబ్బాలో కూర్చున్నాను. ముగ్గురు మగవాళ్లు చక్రం పట్టుకుని జానెడు జానెడు వదిలారు. ఆమె దిగుతున్నది, నేను ఎక్కుతున్నాను. నడుమ ఇద్దరం ఒక్క ఎత్తుకు వచ్చాం. "కండ్లు మూసుకోకు వదినా," అంది. తెరిచాను.

నేను కొనకు చేరేసరికి ఆమె నేలను తాకింది. మా ఆయన ముడి విప్పబోయాడు. రాలేదు. పళ్లతో లాగాడు. రాలేదు. ఎవరో కొడవలి తెచ్చిచ్చారు.

"ధోతి కొయ్యకుండ్రి!" పైనుంచి నా కేకకు మైదానమంతా తలెత్తింది. "కొత్తది! కోస్తే ఊకోను!"

జనం ఒకటే నవ్వు. మా ఆయన కొడవలి పట్టుకుని ఊగిపోయాడు. "దీని పాడుగాను, ప్రాణం పోతుంటె ధోతి ముచ్చటేందే?"

"ఎవల ప్రాణం పోతుంది? మంచిగనే కూసున్నది కదా!"

"కొయ్యకు అన్నా," అంది ఆడబిడ్డ, ముఖమంతా వెలిగిపోతూ. "ముడి ఇప్పనీకి వదినకే వస్తది. వదినను దించుండ్రి. నేను ఇంకోపారి పోత."

"మళ్ల మీదికా?" అన్నాడు ఆసామి.

"పోత అంటున్న కదా. తిప్పు."

నా కళ్లు అప్పటికే మా బండి మీద పడ్డాయి. పొయ్యి దగ్గర కుక్క నిలబడి ఉంది. "జల్ది దించుండ్రి, అన్నం!" అని మళ్లీ అరిచాను. మళ్లీ నవ్వులు.

ఆమె పైకి పోయింది, నేను కిందికి వచ్చాను. అప్పటికి జనం కూడా చక్రం మీద చేతులు వేశారు గనుక పనివాడు ఖాళీ అయ్యాడు. నేను దిగిన డబ్బాలో అతను కూర్చున్నాడు. ఆమె కూర్చున్నది కూర్చున్నట్టే రెండోసారి దిగింది. నేను ముడి విప్పాను. పనివాడు పైనుంచి కమ్మీలు పట్టుకుని దిగిపోయాడు. మా ఆయన చెల్లెను ఎత్తుకుని, నా కోసం ఆగకుండా బండి దాకా నడిచాడు. కుక్క అన్నం ముట్టలేదు గానీ, అడుగు మాడింది. మాడిందే తిన్నాం.

మర్నాడు పొద్దున ఎడ్లను కట్టాక, ఆయన చెల్లెను ఎప్పటిలాగే వెనక గడ్డి మీద పడుకోబెట్టబోయాడు.

"నేను ముంగట కూసుంట," అంది.

ఆయన నా వైపు చూశాడు. నేను దుప్పటి మడిచి మూటలో పెట్టాను. ధోతి తీసి ఆమె నడుమును బండి గుంజకు కట్టాను. ఈసారి కొస లాగితే ఊడే ముడి వేసి, ఆ కొస ఆమె చేతికిచ్చాను. కురవి నుంచి మా వాకిలి దాకా కూర్చునే వచ్చింది. వాకిట్లో ముడి తనే విప్పుకుంది.