రామతులసి ఛానల్లో తెల్లక్షరాలు

“ఆంటీ, మీ ఛానల్‌ని చంపింది నేనే,” అన్నాడు తారిక్, గుమ్మంలోనే నిలబడి. లోపలికొస్తే ఆవిడ చేతికి అందుతానని భయం.

రామతులసి తలెత్తలేదు. రెండు చెవులకీ రెండు ఫోన్లు. “లేదండీ, అవి పరీక్ష రిజల్ట్స్ కాదండీ. మీవాడి హాల్‌టికెట్ నెంబరు అందులో ఉండదండీ. కంప్యూటర్ పాడైందండీ.”

పొద్దుటినుంచీ వన్ టౌన్ కొండమీది ఇళ్ళన్నిట్లో ఆమె లోకల్ ఛానల్ నల్లతెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ చూపిస్తోంది. ఒకాయనైతే షేర్ల ధరలనుకుని, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాడట.

ఫోన్లు పక్కన పడేసి, “నువ్వేనని తెలుసులేరా. ఈ పేటలో బాగున్నదాన్ని బాగుచేసేది నువ్వొక్కడివేగా,” అంది.

రామతులసి ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి కేబుల్ బిల్లులు వసూలు చేసే అమ్మాయి. ఓనరు గన్నవరం వైపు స్థలాల బేరాల్లో పడి, పోతూ పోతూ ఒక కటింగ్ ప్లేయరు, చిక్కుపడ్డ వైర్లు, ఎవరూ చూడని ఈ ఛానలు ఆమె నెత్తిన పెట్టిపోయాడు. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని డాబాలెక్కింది. ఛానల్లో పుట్టినరోజు పిల్లల ఫొటోలు, కొండమీదికి కుళాయి నీళ్ళొచ్చే టైములు, తప్పిపోయిన మేకలు తిప్పింది. దొరికిన మేక ఫొటో కూడా వేసింది. ఇది లావుగా ఉంది, ఆ మేక కాదని సగం పేట. తిండి దొరికి లావైందని మిగతా సగం. ఆ వారమంతా పెద్ద ఛానళ్ళ మొహం చూసినవాడు లేడు.

ఇదంతా నడిపేది ఒక పాత కంప్యూటర్. టీవీలకి బొమ్మ పంపే పసుపు పిన్ను దాని వెనకాల గుచ్చి ఉంటుంది. ఇంటర్ తప్పి, ఫోన్లో వీడియోలు చూసి విద్వాంసుడైన కొత్తల్లో తారికే అందులో ఉచితంగా దొరికే లినక్స్ సాఫ్ట్‌వేర్ వేసిపెట్టాడు. నిన్న సాయంత్రం ఆమె బయటికెళ్ళిన సందు చూసి కొత్త వెర్షన్ ఎక్కించాడు. అక్కడితో ఆగాడా? పాత వెర్షన్ సీడీకి దారం కట్టి, పావురాలు బెదురుతాయని బాల్కనీలో వేలాడదీశాడు. ఆ కంప్యూటర్లో బొమ్మ తయారుచేసే పాత గ్రాఫిక్స్ కార్డుని కొత్త వెర్షన్ అసలు గుర్తే పట్టదని అయ్యగారికి ఇవాళ పొద్దున తెలిసింది.

“నీ ల్యాప్‌టాప్ తగిలించరాదూ?”

“దానికి పసుపు పిన్ను పెట్టే చోటు లేదాంటీ.”

“మరి దాన్నేం చూసి కొన్నావు?”

మళ్ళీ ఫోను. ఆమె ఛానల్‌ని ఇళ్ళకి చేరవేసే పెద్ద కేబుల్ ఆఫీసు వాళ్ళు. ఈసారి ఆమె ‘అలాగేనండీ’ తప్ప ఇంకేమీ అనలేదు. పెట్టేశాక గొంతు తగ్గింది.

“ఏడింటికల్లా బొమ్మ రాకపోతే మన ఛానల్ నెంబర్లో వాళ్ళ నగల యాడ్లు వేసుకుంటారట. ఒకసారి పోతే మళ్ళీ ఇస్తారట్రా?”

తారిక్ ల్యాప్‌టాప్ తెరిచాడు. లినక్స్ తయారుచేసేవాళ్ళు ఇంటర్నెట్‌లో కలుసుకునే చోట తన కష్టం రాశాడు. కాసేపటికి జవాబొచ్చింది.

“ఆ కార్డు వాడేవాళ్ళు మరీ తక్కువట. దాని సంగతి చూసే మనిషి దగ్గర కూడా అది లేదట. కొత్త మిషను కొనుక్కోమంటున్నాడు, మర్యాదగానే.”

“తక్కువంటే?”

“వాళ్ళ లెక్కలో మీరు ఒక్కరు.”

“నేనొక్కదాన్నా? వెనకాల ఆరొందల ఇళ్ళున్నాయని రాయి. మేక సంగతి కూడా రాయి.”

రాశాడు. మేక ఫొటో కూడా పెట్టాడు. అవతలాయన నవ్వే బొమ్మలు నాలుగు పెట్టి, ఒక కార్డు పంపిస్తే తీరిక చూసుకుని ప్రయత్నిస్తానన్నాడు.

“అట్టపెట్టెలో అలాంటివి ఇంకో రెండున్నాయి. ఒకటి పంపెయ్,” అంది రామతులసి. “కానీ ఏడింటికి ఆయన రాడుగా. నువ్వు పావురాలకి కట్టిందేంటి?”

తారిక్ బాల్కనీలోకి పరిగెత్తాడు. పావురాలు బెదరలేదు సరికదా, సీడీ మీద తమ అభిప్రాయం దట్టంగా వేసిపోయాయి.

“నా కొంగుతో కాదు. నీ చొక్కాతో తుడు.”

తుడిచాడు. కంప్యూటర్ ఒకసారి మింగి కక్కింది. మళ్ళీ తుడిచాడు. ఈసారి మింగింది. అదంతా ఎక్కేసరికి వీధిదీపాలు వెలిగాయి. నల్లతెర, తెల్లక్షరాలు, మళ్ళీ నల్లతెర. రామతులసి కుర్చీ అంచున కూర్చుని పమిట కొస వేలికి చుడుతోంది, విప్పుతోంది. ఏడింటికి ఇంకో రెండు నిమిషాలుందనగా పుట్టినరోజు పాప సనోబర్ మొహమంతా కేకు పూసుకుని టీవీలో ప్రత్యక్షమైంది.

వెంటనే ఫోను. “బొమ్మ బాగుందండీ. ఆ షేర్లు మళ్ళీ ఎప్పుడేస్తారు?”

గండం గడిచేసరికి తారిక్‌కి నోరు లేచింది. “అయినా ఆంటీ, ఆ లినక్స్ వాళ్ళు జీతం లేకుండా చేస్తారు. ఈ పాతవాటినన్నిటినీ ఎన్నాళ్ళని మోస్తారు చెప్పండి?”

రామతులసి తెర మీంచి చూపు తిప్పలేదు.

“ఆ పాతది తన పని తను చేసుకుంటూనే ఉందిరా. పొద్దుట్నించీ మేమందరం మోసింది నిన్ను.”