హిల్యా క్రిస్మస్ దాకా నింపిన పోస్టులు

మా మంచు ఊరు హ్యాంకాక్‌లో ఆర్వో కెట్టునెన్ నోట మాట రావాలంటే కొట్టుకి నిప్పంటుకోవాలి. నలభై ఏళ్లుగా మాంసం, బంగాళాదుంప, రూటబాగా దుంప ముక్కలు పిండిలో మడిచి పాస్టీలు కాలుస్తున్నాడు. మాటలన్నీ ఆయన భార్య హిల్యావి. వాళ్ల కొట్లో పనిచేస్తూ ఇరవై ఏళ్లుగా కౌంటరు దగ్గర నిలబడి నేను విన్నవన్నీ ఆవిడ మాటలే.

కొట్టు ఫేస్‌బుక్ పేజీ కూడా ఆవిడదే. రోజూ పొద్దున్న ఆరింటికి ఒక పోస్టు, అందులో మొగుడికి ఒక చురక. "ఇవాళ గురువారం, బఠానీ సూపు. ఉప్పు ఎక్కువైతే నన్నడక్కండి, మా ఆయన్నడగండి. జవాబు చెప్తే నాకూ చెప్పండి." ఊరు ఊరంతా అది చదివాకే కాఫీ తాగేది.

ఫిబ్రవరిలో డాక్టరు, జబ్బు ముదిరింది, హిల్యా వేసవి చూడదన్నాడు. ఆవిడ ఏడవలేదు. ఎవరో బయటి కంపెనీవాళ్ల సాఫ్ట్‌వేర్ ఒకటి, నెలనెలా తన కార్డులోంచి డబ్బు కట్టేలా తీసుకుంది. ముందే రాసి తేదీ, టైము పెడితే చాలు, ఆ రోజు అదే పేజీలో పడుతుంది. మంచం మీద కూర్చుని రోజుకు పదేసి రాసింది.

"డిసెంబరు ఇరవై నాలుగు దాకా నింపేశానే డార్లీన్" అంది నాతో. "ఆయనకి చెప్పకు. ఇంకా ఎన్నున్నాయా అని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు."

చెప్పనని మాటిచ్చాను.

ఏప్రిల్లో పోయింది. పాతిపెట్టిన మర్నాడు ఆరింటికి పోస్టు పడింది. "ఆర్వో మొహం చూసి జడుసుకోకండి. పాస్టీలు బాగానే ఉంటాయి." ఆయన పిండి చేతులతోనే ఫోను పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత అదే అలవాటైంది. ఆవిడ యాలకుల రొట్టె అంటే ఆ రోజు కొట్లో రొట్టె, సూపు అంటే సూపు. నాకు తెలిసి ఆ వేసవంతా ఆయన బతికింది ఆ ఆరింటి కోసమే.

ఆగస్టులో మంచి కోటు వేసుకుని బ్యాంకుకు వెళ్లి ఆవిడ కార్డు రద్దు చేయించాడు. పోయిన మనిషి పేరుతో కార్డు ఉంచుకోవడం తప్పని ఆయన నమ్మకం. అంత నిఖార్సయిన మనిషి.

సెప్టెంబరు మొదటి వారంలో పోస్టులు ఆగిపోయాయి.

భరించలేక ఆయనే ఆపేశాడనుకున్నాను నేను. అడగలేదు. మా వైపు అలాంటివి అడగరు, మంచు ఎంత పడిందని మాత్రమే అడుగుతారు. ఐదు వారాలు పక్కపక్కనే నిలబడి పాస్టీలు కట్టాం. అక్టోబరులో తొలి మంచు పడ్డ రోజు ఉండబట్టలేకపోయాను.

"మళ్లీ పెట్టొచ్చుగా ఆర్వో. జనం అడుగుతున్నారు."

"ఏం పెట్టమంటావ్? అయిపోయాయిగా."

"అయిపోవడమేంటి? క్రిస్మస్ దాకా రాసింది!"

ఆయన చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. "అక్కడితో అలిసిపోయిందనుకున్నా" అన్నాడు మెల్లగా. "ఓపిక లేక ఆపేసిందనుకున్నా."

అప్పుడు కంపెనీకి ఫోను చేశాం. ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. కార్డు పనిచేయక ఖాతా ఆగిందట. హెచ్చరికలన్నీ హిల్యా ఈమెయిల్‌కే పంపారట. నెల రోజులు చూసి, మిగిలినవి మొన్న శుక్రవారం తుడిచేశారట.

"ఎన్ని?" అన్నాడు ఆర్వో.

"నూట పదండీ. సారీ."

ఆరు రోజుల ముందు నోరు తెరిచి ఉంటే అవన్నీ దక్కేవి. చచ్చిపోతూ కూడా ఆవిడ మాట్లాడుతూనే ఉంది, బతికున్న మేమిద్దరం నోళ్లు కుట్టుకుని కూర్చున్నాం. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మర్నాడు పొద్దున్న ఐదూ ముప్పావుకి తన ఫోను తెచ్చి కౌంటరు మీద, నా ముందు పెట్టాడు.

"ఇవాల్టిది నువ్వు రాయి."

"ఏం రాయను?"

పాస్టీల ట్రే ఒకటి పొయ్యిలోకి నెట్టాడు.

"ఏదో ఒకటి. నన్ను కాస్త తిట్టు."

ఆరు దాటింది, ఆరున్నరైంది. ఇరవై ఏళ్లు ఆవిడ పక్కనే నిలబడి విన్నాను. ఒక్క తిట్టూ గుర్తు రాలేదు.